ఆటగాడు సముద్రం దాటితే బాకీ ఎవరిది?

ఐర్లండ్‌లో గేలిక్ ఫుట్‌బాల్, హర్లింగ్ ఆటలను నడిపే సంస్థ గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్. జీఏఏ అంటే అక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. 1884 నవంబరు 1న థర్లెస్ పట్టణంలోని ఒక హోటల్లో మొదలైన ఈ సంస్థ ఇప్పటికీ అమెచ్యూర్ పద్ధతినే పట్టుకుని ఉంది. డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో 82,000 మంది ముందు కౌంటీల ఆల్ ఐర్లండ్ పోటీ ఫైనల్ ఆడిన కుర్రాడికి కూడా జీతం లేదు. ఆట అయ్యాక మళ్లీ తన బడికో, పొలానికో, బ్యాంకుకో పోయి పని చేసుకోవాల్సిందే. అతను ఆడేది తన ఊరి క్లబ్బుకు, తన కౌంటీకి. 1980ల నుంచి ఆ కుర్రాళ్లలో మెరికల్లాంటివాళ్లను ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగు, అంటే ఏఎఫ్ఎల్, జీతాలిచ్చి తీసుకుపోతోంది. సాకర్‌లో ఫిఫా నిబంధనల కింద పెంచిన క్లబ్బు పరిహారం అడగవచ్చు. ఇక్కడ అలాంటి హక్కు లేదు. ఉండాలా, వద్దా?

ఈ ప్రశ్న మీద ఒకే ఇంటివాళ్లు ఇద్దరు చెరోవైపు నిలబడ్డారు. బాబాయి గుంటూరు జిల్లాలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఒక వేసవి డబ్లిన్‌లో అన్నకూతురి ఇంట్లో ఉండి ఈ ఆట రుచి మరిగారు. అమ్మాయి అక్కడ అకౌంటెంటు. కొడుకు ఆడే క్లబ్బులో పిల్లల విభాగానికి కోశాధికారి. సెలవులకు ఆమె గుంటూరు వచ్చినప్పుడు సాగిన వాదం ఇది.

అమ్మాయి: బాబాయ్, ముందు ఒక పిల్లవాడి మీద క్లబ్బు ఏం పెడుతుందో చూడండి. ఐదారేళ్లప్పుడు శనివారం పొద్దున మైదానానికి వస్తాడు. పద్దెనిమిదేళ్లు నిండేదాకా అతనికి బంతులు కావాలి, జెర్సీ కావాలి, బీమా కావాలి. చలికాలం సాయంత్రాలు ఫ్లడ్‌లైట్లు వెలగాలి. దూరాన మ్యాచ్ ఉంటే బస్సు మాట్లాడాలి. ఈ డబ్బంతా సభ్యత్వ రుసుముల నుంచి, వారం వారం క్లబ్బు అమ్మే లాటరీ టిక్కెట్ల నుంచి, ఊళ్లో కొట్లవాళ్లిచ్చే చందాల నుంచి వస్తుంది. కోచ్‌కి పైసా ఇవ్వం. అయినా పిల్లల దగ్గర నిలబడాలంటే ఆయన పోలీసు పరిశీలన చేయించుకోవాలి, పిల్లల రక్షణ మీద తరగతికి పోవాలి, కోచింగ్ కోర్సు చేయాలి. ఇలా పన్నెండు పదమూడేళ్లు గడిచాక ఆస్ట్రేలియా నుంచి ఒకరు వచ్చి కుర్రాడి పరుగు, ఎగురు కొలుచుకుని ఒప్పందం చేతిలో పెడతారు. క్లబ్బుకు దక్కేది అతని ఫోటో.

బాబాయి: ఆ ఫోటో చాలదా తల్లీ? నేను ముప్పయ్యేళ్లకు పైగా పిల్లల్ని ఆడించాను. వాళ్లు పైకి వస్తే నాకెంత అని ఎప్పుడూ లెక్క వేసుకోలేదు. అమెచ్యూర్ అంటే లెక్క రాయని పని. మీ క్లబ్బులో జెర్సీలు ఉతికే తల్లి, గీతలు గీసే తాత ఎవరినీ బిల్లు అడగరు. అదే ఆ సంస్థ బలం. ఇంకో మాట. మీ ఊరి నర్సు సిడ్నీ ఆసుపత్రికి పోతుంది. మీ వడ్రంగి పెర్త్‌లో ఇళ్లు కడతాడు. వాళ్లూ మీ క్లబ్బులో ఆడినవాళ్లే. ఆ ఆసుపత్రిని పరిహారం అడుగుతారా? ఫుట్‌బాల్ ఆడేవాడు పోతేనే ఎందుకు అడగాలి?

అమ్మాయి: ఎందుకంటే సిడ్నీ ఆసుపత్రి ఆ నర్సుకు జీతమిచ్చేది ఆమె బంతి పట్టుకున్నందుకు కాదు. ఏఎఫ్ఎల్ క్లబ్బు కొనేది సరిగ్గా మా క్లబ్బు తయారుచేసినదాన్ని. గాల్లోకి ఎగిరి బంతిని అందుకోవడం, పరిగెడుతూ తన్నడం, ఒంటి మీదికి వచ్చేవాణ్ని కాచుకుంటూ చూపు చెదరకుండా ఉండటం. ఇవన్నీ మా మైదానంలో నేర్చినవే. క్లబ్బు చేసిన పనికీ, అవతలివాడు డబ్బు చేసుకునే పనికీ మధ్య ఇంత దగ్గర సంబంధం ఉన్నచోట అడగడం అత్యాశ కాదు.

బాబాయి: అంత దగ్గర సంబంధమా? మీది గుండ్రటి బంతి, వాళ్లది కోలబంతి. జిమ్ స్టైన్స్ సంగతే చూడు. డబ్లిన్‌లో బాలిబోడెన్ క్లబ్బు కుర్రాడు. 1984లో మెల్‌బోర్న్ క్లబ్బు తీసుకుపోయేనాటికి ఆ ఆటలో ఓనమాలు రావు. 1987 ప్రిలిమినరీ ఫైనల్ చివరి క్షణాల్లో నియమం తప్పి అడ్డంగా పరిగెత్తాడు. ప్రత్యర్థికి పెనాల్టీగా 15 మీటర్లు దొరికింది, సైరన్ మోగాక తన్నిన తన్నుతో మెల్‌బోర్న్ రెండు పాయింట్ల తేడాతో ఓడింది. ఆ పొరపాటును భరించిందీ, అతన్ని నిలబెట్టిందీ మెల్‌బోర్న్. 1991లో ఆ లీగులో అత్యుత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం గెలిచాడు. వరసగా 244 మ్యాచ్‌లు ఆడి రికార్డు పెట్టాడు. పతకం గెలిచిన స్టైన్స్‌ని తయారుచేసింది ఎవరు?

అమ్మాయి: ఇద్దరూ. మెల్‌బోర్న్ కష్టాన్ని నేను తగ్గించడం లేదు. పొరుగు రైతు మన మడిలో నారు పీక్కెళ్లి తన పొలంలో నాటుకుంటే పంట అతనిదే, కలుపు తీసిన కష్టం అతనిదే. అయినా నారుకు వెల కట్టే తీసుకెళ్తాడు. పొడుగు, పరుగు మాత్రమే కావాలంటే పొడుగాటి కుర్రాళ్లు యూరప్ అంతటా ఉన్నారు. అప్పట్లో మెల్‌బోర్న్ కోచ్ రాన్ బరాసీ హయాంలో ఆ క్లబ్బు వెతుకుతూ వచ్చింది ఐర్లండుకే. స్టైన్స్ ఆ ఏడాదే డబ్లిన్ కుర్రాళ్ల (మైనర్) జట్టుతో ఆల్ ఐర్లండ్ గెలిచాడు. ఎవరూ శిక్షణ ఇవ్వని కుర్రాణ్ని వాళ్లు ఎంచుకోలేదు.

బాబాయి: సరే, ఏదో కొంత బాకీ ఉందనే అనుకుందాం. దాన్ని ఎలా కడతావు? సాకర్‌లో ఆటగాడికి వెల ఉంటుంది, అందులోంచి వాటా తీస్తారు. మీ కుర్రాడికి క్లబ్బుతో ఒప్పందం లేదు, వెల లేదు. ఏఎఫ్ఎల్‌లో కూడా క్లబ్బులు ఆటగాళ్లను డబ్బిచ్చి కొనుక్కోవు. ఆటగాణ్నిచ్చి ఆటగాణ్ని తీసుకుంటాయి, లేదా డ్రాఫ్టులో ఎంచుకునే వంతును ఇచ్చి పుచ్చుకుంటాయి. దేనిలో శాతం అడుగుతావు?

అమ్మాయి: ఫిఫా 2001లో తెచ్చిన నిబంధనల్లో రెండు దారులున్నాయి. మీరు చెప్పినది సాలిడారిటీ వాటా. బదిలీ సొమ్ములో 5 శాతం తీసి, ఆటగాడు 12 నుంచి 23 ఏళ్ల మధ్య ఆడిన క్లబ్బులకు పంచుతారు. 12 నుంచి 15 వరకు సీజన్‌కు 0.25 శాతం, 16 నుంచి 0.5 శాతం. శాతం చిన్నదే, దాని వెనక మొత్తాలు పెద్దవి. 2016లో పోల్ పోగ్బాని మాంచెస్టర్ యునైటెడ్ 105 మిలియన్ యూరోలకు తీసుకుంది. ఆ మొత్తం మీద ఒక్క బాల్య సీజన్ వాటా 2,62,500 యూరోలు. పారిస్ శివార్లలోని చిన్న క్లబ్బుల్లో ఎదిగిన కుర్రాడతను. ఇది మాకు కుదరదు, ఒప్పుకుంటాను. రెండోది శిక్షణ పరిహారం. దానికి బదిలీ సొమ్ముతో పనిలేదు. ఆటగాడు మొదటి ప్రొఫెషనల్ ఒప్పందం మీద సంతకం పెట్టగానే పెంచిన క్లబ్బుకు హక్కు పుడుతుంది. యూరప్‌లో పెద్ద క్లబ్బుల తరగతికి ఏడాదికి 90,000 యూరోలు, అట్టడుగు నాలుగో తరగతికి 10,000 యూరోలు. 12 నుంచి 15 ఏళ్ల వరకు ఎంత పెద్ద క్లబ్బైనా నాలుగో తరగతి లెక్కే కట్టేది. మాకు సరిపోయే నమూనా ఇది.

ఇంకా చూడండి. మా పేటలో ఒకే పిల్లవాడు మంగళవారం సాకర్ ఆడతాడు, గురువారం గేలిక్ ఆడతాడు. రేపు సాకర్ కోసం ఇటలీ పోతే ఆ సాకర్ క్లబ్బు కాగితం పట్టుకుని పరిహారం అడగవచ్చు. గేలిక్ ఆట చూసి మెల్‌బోర్న్ తీసుకుపోతే మేం అడగలేం. రెండు క్లబ్బుల్లోనూ పిల్లవాడి వెంట నిలబడ్డది జీతం లేని మనుషులే. ఈ తేడాకు న్యాయం ఎక్కడుంది?

బాబాయి: నీకు క్లబ్బు కనబడుతోంది, నాకు కుర్రాడు కనబడుతున్నాడు. ఇక్కడ ఒక పిల్లవాడు నాకు తెలుసు. వేరే జిల్లా జట్టు పిలిచింది. ఇక్కడివాళ్లు నో అబ్జెక్షన్ సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఇస్తామని అనలేదు, ఇవ్వమని అనలేదు. సీజన్ పోయింది, వాడి ఆట పోయింది. పరిహారం అనే మాట వినగానే నాకు ఆ సర్టిఫికెట్ గుర్తొస్తుంది. యూరప్‌లో జరిగిందీ ఇదే కదా. బెల్జియంలో బోస్మన్ అనే సాకర్ ఆటగాడి ఒప్పందం 1990లో ముగిసింది. లీజ్ క్లబ్బు అతని జీతాన్ని నాలుగో వంతుకు తగ్గించింది. ఫ్రాన్సులోని డంకర్క్ తీసుకుంటానంది. డంకర్క్ డబ్బు కట్టగలదో లేదోనని లీజ్‌కు అనుమానం వచ్చి, బదిలీ సర్టిఫికెట్ పంపించమని తమ సంఘాన్ని అడగలేదు. కుర్రాడు మధ్యలో చిక్కుకుపోయాడు. 1995 డిసెంబరులో యూరప్ న్యాయస్థానం అతని పక్షాన తీర్పిచ్చింది. కానీ అప్పటికి అతని ఆట వయసు కరిగిపోయింది. ఒక్కసారి ఆటగాడి పక్కన అంకె రాస్తే, ఆ అంకె కట్టేదాకా అతను కదలలేడు.

అమ్మాయి: ఆ భయం నిజమైనదే. కానీ అదే న్యాయస్థానం 2010 మార్చిలో ఇంకో తీర్పిచ్చింది. ఒలివియే బెర్నార్ అనే కుర్రాడు లియాన్ క్లబ్బులో మూడేళ్లు శిక్షణ పొందాడు. క్లబ్బు ఇవ్వజూపిన ఒప్పందం కాదని ఇంగ్లండులోని న్యూకాజిల్‌కు పోయాడు. లియాన్ కోర్టుకెక్కింది. న్యాయస్థానం రెండు ముక్కలు చెప్పింది. శిక్షణ ఇచ్చిన క్లబ్బుకు పరిహారం ఉండటం తప్పు కాదు, లేకపోతే పిల్లలకు నేర్పే ఉత్సాహం పోతుంది. అయితే ఆ పరిహారం నిజంగా పెట్టిన శిక్షణ ఖర్చుకు లోబడి ఉండాలి. శిక్షలాగా, నష్టపరిహారంలాగా ఇష్టమొచ్చినంత అడగకూడదు. ఆ ఖర్చు లెక్కలో ప్రొఫెషనల్ అయిన ఒక్కడి ఖర్చే కాదు, కాలేకపోయిన మిగతా పిల్లల ఖర్చూ చేర్చవచ్చు. బోస్మన్ తీర్పు తలుపు తీసింది. ఈ తీర్పు ఆ తలుపు మూయకుండానే పెంచినవాడికి చోటిచ్చింది.

బాబాయి: చట్టం గీత గీస్తుంది, సంస్థలు ఆ గీత దాటతాయి. మీ జీఏఏ చరిత్రే చూడు. 27వ నిబంధన అని ఒకటి ఉండేది. సభ్యుడు సాకర్, రగ్బీ, క్రికెట్, హాకీ ఆడకూడదు, చూడకూడదు కూడా. 1938లో దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్ ఒక సాకర్ మ్యాచ్‌కు వెళ్లాడని ఆయన్ని సంస్థ పోషకుల జాబితా నుంచి తీసేశారు. 1971 దాకా ఆ నిషేధం ఉంది. అది పోయాకే కెవిన్ మోరన్ లాంటివాడు 1976లో, 1977లో డబ్లిన్‌తో ఆల్ ఐర్లండ్ గెలిచి, 1978లో మాంచెస్టర్ యునైటెడ్‌కు పోగలిగాడు. పిల్లల్ని దడి కట్టి ఉంచే అలవాటు ఆ సంస్థకు దశాబ్దాల పాటు ఉంది. పరిహారం పేరుతో అది మళ్లీ రాదని నువ్వు హామీ ఇవ్వగలవా?

అమ్మాయి: మాటలతో ఇవ్వలేను, నిబంధనతో ఇవ్వగలను. బాకీ ఆటగాడిది కాదు, తీసుకునే లీగుది. కాబట్టి ఆటగాడి రిజిస్ట్రేషన్‌కూ ఈ డబ్బుకూ ఏ ముడీ ఉండకూడదు. డబ్బు రాకపోయినా, ఆలస్యమైనా, గొడవ కోర్టుకెక్కినా కుర్రాడు ఆ వారమే మైదానంలోకి దిగుతాడు. క్లబ్బు దగ్గర అతణ్ని ఆపే కాగితం ఏదీ ఉండదు. బోస్మన్‌ను ముంచింది పరిహారమనే ఆలోచన కాదు. పరిహారం తేలేదాకా సర్టిఫికెట్ ఆపగలగడం.

బాబాయి: అది బాగుంది. కానీ దాని వెనకే ఇంకో ప్రమాదం ఉంది. ఇజ్రాయెల్‌లోని హైఫాలో కొన్ని శిశుసంరక్షణ కేంద్రాల మీద ఇద్దరు ఆర్థికవేత్తలు చేసిన పరిశోధన 2000లో వచ్చింది. పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గాల్సింది పోయి పెరిగాయి. డబ్బు కట్టాక మొహమాటం ఎందుకు? జరిమానా ఎత్తేశాక కూడా ఆ పాత మర్యాద తిరిగి రాలేదు. ఏఎఫ్ఎల్ పెద్ద లీగు. వాళ్లకు ఏడాదికి పదివేల యూరోలు లెక్కలోకి రావు. ఇప్పుడు ఒక కౌంటీలో ఒకణ్ని తీసుకునేటప్పుడు ఉన్న కాస్త సంకోచం రేపు ఉండదు. కట్టాం కదా, ఇంకో నలుగుర్ని ఇవ్వండి అంటారు. మీ కోచ్ కూడా అడుగుతాడు, నా చెమటకు వచ్చిన డబ్బులో నా భాగమేది అని. లెక్క రాయని పనికి లెక్క మొదలైతే ఆ పని చేసే మనసు మారుతుంది.

అమ్మాయి: హైఫా తల్లిదండ్రులు, టీచర్లు రోజూ మొహమొహాలు చూసుకునేవాళ్లు. వాళ్ల మధ్య డబ్బు లేని మర్యాద ఒకటి ముందే ఉంది, జరిమానా దాన్ని చెడగొట్టింది. మెల్‌బోర్న్ క్లబ్బుకూ మాయో కౌంటీలో ఒక పల్లె క్లబ్బుకూ మధ్య అలాంటి మర్యాద ఏముంది చెడటానికి? ఇప్పుడున్న ధర సున్నా. సున్నా కూడా ధరే. ఇది ఊరికే దొరుకుతుంది అని చెప్పే ధర. ఆస్ట్రేలియా పిల్లల్ని తీసుకోవాలంటే క్లబ్బు డ్రాఫ్టులో తన వంతు వాడుకోవాలి. ఐర్లండు కుర్రాణ్ని మాత్రం ఆ వరసతో పనిలేకుండా రూకీ జాబితాలో చేర్చుకోవచ్చు. రెండు విధాలా చవక.

కోచ్‌ల గురించి మీరన్నది మాత్రం నేను కొట్టేయను. అందుకే ఈ డబ్బు ఏ మనిషి చేతికీ పోకూడదు. పిల్లల విభాగం ఖర్చులకే వాడాలి, ఏటా లెక్క చూపాలి. బంతులు, లైట్లు, బస్సు, కోర్సు ఫీజులు. నేను నా సమయానికి వెల అడగడం లేదు. మా సమయం ఎప్పటికీ ఉచితమే. కరెంటు బిల్లు ఉచితం కాదు.

బాబాయి: మరి ఆడపిల్లల సంగతి? మాయో నుంచి కోరా స్టాంటన్ నాలుగు ఆల్ ఐర్లండ్‌లు గెలిచిన మనిషి. 2017లో సిడ్నీలోని జెయింట్స్ జట్టు ఆమెను ఎంచుకునేనాటికి ఆమెకు 35 ఏళ్లు. ఆమె తలకు రుసుము ఉంటే ఎంచుకునేవారా? ఆమె వెనక ఎంతమంది ఐరిష్ అమ్మాయిలు ఏఎఫ్ఎల్ మహిళల లీగుకు పోయారు! అలీష్ కాన్సిడీన్ 2019లో అడిలైడ్‌తో, ఓర్లా ఓడ్వయర్ 2021లో బ్రిస్బేన్‌తో టైటిల్ గెలిచారు. ఫిఫా కూడా ఇది ఆలోచించే మహిళల సాకర్‌కు శిక్షణ పరిహారం వర్తించదని పెట్టింది. రుసుము గట్టివాణ్ని ఆపదు తల్లీ. అంచున ఉన్నవాణ్ని, ఆలస్యంగా వికసించినవాణ్ని, ఎవరూ ఊహించనివాణ్ని ఆపుతుంది.

అమ్మాయి: ఇది మీ వాదంలో అన్నిటికన్నా బలమైన మాట. స్టాంటన్‌కు జవాబు వయసు పరిమితి. శిక్షణ పరిహారం 23 ఏళ్లతో ఆగిపోతుంది, కాబట్టి 35 ఏళ్ల మనిషి మీద పడదు. కానీ పంతొమ్మిదేళ్ల అమ్మాయి మీద పడుతుంది. మహిళల లీగు క్లబ్బు బడ్జెట్ చిన్నది, వెనకాడుతుంది. అందుకని కట్టేది ఆటగాణ్ని ఎంచుకున్న క్లబ్బు కాకూడదు. లీగు కేంద్ర ఖజానా కట్టాలి. ఏటా ఐర్లండు నుంచి ఎందరిని తీసుకున్నారో లెక్క కట్టి, లీగు ఒకేసారి ఒక నిధికి జమ చేయాలి. అప్పుడు ఏ కోచ్ ముందూ ఇద్దరు పిల్లల్ని పక్కపక్కన పెట్టి, ఈమెకు రుసుముంది, ఆమెకు లేదు అనే లెక్క ఉండదు. అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఇదే పద్ధతి.

బాబాయి: నిధి అన్నావు కాబట్టి అడుగుతున్నాను. ఆ డబ్బు ఎవరికి? ఒక్క కుర్రాడు ఆస్ట్రేలియా పోయాడంటే అతన్ని తయారుచేసింది ఒక్క క్లబ్బేనా? వారం వారం అతనికి ఎదురు నిలిచి గట్టిపరిచిన పక్క ఊరి క్లబ్బు, అతని హైస్కూలు, కౌంటీ మైనర్ జట్టు. వీళ్లకేమీ లేదా? జనం తరలిపోయి పదిహేనుమందిని కూడగట్టలేక రెండు ఊళ్లు కలిసి ఒక జట్టు నడిపే పల్లెలున్నాయి. అక్కడి నుంచి ఏఎఫ్ఎల్ ఆటగాడు ఎప్పుడొస్తాడు? ఉన్న క్లబ్బుకే ఇంకా వస్తుంది, లేని క్లబ్బు అలాగే ఉంటుంది.

అమ్మాయి: ఫిఫా దీనికి ఆటగాడి పాస్‌పోర్టు అనే పద్ధతి పెట్టింది. ఏ సీజన్ ఏ క్లబ్బులో ఆడాడో రాసి ఉంటుంది, దాన్నిబట్టి వాటాలు. చాలా ఏళ్లు ఆ డబ్బు కాగితాల్లోనే ఉండిపోయేది. చిన్న క్లబ్బుకు తన పిల్లవాడు ఎక్కడ సంతకం పెట్టాడో తెలియదు, అడిగే లాయరు ఉండడు. అందుకే 2022 నవంబరులో పారిస్ కేంద్రంగా ఫిఫా క్లియరింగ్ హౌస్ మొదలైంది. బదిలీ జరగగానే లెక్క కట్టి అదే పంపుతుంది. మాకూ అలాగే కావాలి. క్లబ్బు అడగక్కర్లేకుండా రావాలి. కానీ మీ ప్రశ్నకు పూర్తి జవాబు బెర్నార్ తీర్పులోనే ఉంది. కాలేకపోయిన పిల్లల ఖర్చునూ లెక్కలో చేర్చవచ్చన్నప్పుడు, ఆ డబ్బులో వాళ్లకూ హక్కు ఉన్నట్టే. సగం పెంచిన క్లబ్బుకు, సగం ఆ కౌంటీ పిల్లల ఆటకు. జట్టు కూడగట్టలేని ఊళ్లకు ముందు.

బాబాయి: సగం కూడా క్లబ్బు పేరు మీద ఎందుకు? అంతా కౌంటీకే పోనీ. క్లబ్బు పేరు రాస్తే మర్నాటి నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో ఎవడు డబ్బు తెస్తాడా అని చూసే కళ్లు తయారవుతాయి. పొట్టివాణ్ని, బొద్దుగా ఉన్నవాణ్ని పక్కన పెడతారు.

అమ్మాయి: క్లబ్బు పేరు చెరిపేస్తే పని చేసినవాళ్లు మళ్లీ కనబడకుండా పోతారు బాబాయ్. పైవాడి ఖజానాకు పోయిన డబ్బు కింద మైదానానికి ఎంత దిగుతుందో మన ఊళ్లలో మనం చూసిందే. క్లబ్బుకు రానివ్వండి. అయితే ఒక షరతు పెట్టండి. పిల్లలందర్నీ ఆడించే క్లబ్బుకే, ప్రతి వయసు జట్టూ నడిపే క్లబ్బుకే ఇవ్వాలి. ఏరి పారేసే క్లబ్బుకు ఇవ్వకూడదు.

బాబాయి: నేను ఇంకోవైపు నుంచి వస్తాను. పోయినవాళ్లు తిరిగి రాలేదా? కెర్రీ కౌంటీ కుర్రాడు టైగ్ కెనెలీ 2005లో సిడ్నీ జట్టుతో ఏఎఫ్ఎల్ టైటిల్ గెలిచాడు. 2009లో ఇంటికొచ్చి కెర్రీతో ఆల్ ఐర్లండ్ గెలిచాడు. టిరోన్ కుర్రాడు కానర్ మెకెన్నా 2020లో వచ్చాడు, 2021లో ఆల్ ఐర్లండ్. మళ్లీ వెళ్లి 2024లో బ్రిస్బేన్‌తో టైటిల్. ఏఎఫ్ఎల్ నుంచి కానర్ గ్లాస్ తిరిగొచ్చాక 2024 జనవరిలో అతని గ్లెన్ క్లబ్బు ఐర్లండు క్లబ్బుల చాంపియన్ అయింది. ప్రొఫెషనల్ లీగు నేర్పిన ఆరోగ్య క్రమశిక్షణ, ఒళ్లు సాధన చేసే పద్ధతి ఆ క్లబ్బుకు ఉచితంగా వచ్చాయి. అదీ పరిహారమే. జాక్ టూహీ లాంటివాడు అక్కడే ఉండి, 2022లో జీలాంగ్‌తో టైటిల్ గెలిచి, స్టైన్స్ మ్యాచ్‌ల సంఖ్యను దాటి పిల్లలకు ఆదర్శమయ్యాడు. అదీ పరిహారమే.

అమ్మాయి: మీరు చెప్పినవాళ్లంతా గెలిచినవాళ్లు. ఒప్పందం అయ్యాక సీనియర్ జట్టులో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా తిరిగొచ్చేవాళ్లు ఉన్నారు. పంతొమ్మిదేళ్లకు కాలేజీ మధ్యలో వదిలి పోయారు. తిరిగొచ్చేసరికి తోటివాళ్లు డిగ్రీ పట్టుకుని ఉద్యోగాల్లో ఉంటారు. ఒకడు మోకాలి గాయంతో వస్తాడు, ఒకడు దిగులుతో వస్తాడు. అప్పుడు వాణ్ని పిలిచి భుజం మీద చెయ్యేసేది మళ్లీ ఆ ఊరి క్లబ్బే.

బాబాయి: అలా అయితే ఆ నిధిలో మొదటి పద్దు అదే కావాలి. క్లబ్బు లైట్ల కంటే ముందు ఆ పిల్లవాడి చదువు. తిరిగొచ్చినవాడి కాలేజీ ఫీజు, గాయం చికిత్స లీగు భరించాలి. ఆ తర్వాతే ఎవరికైనా.

అమ్మాయి: రాసుకున్నాను. అది ముందు, మిగతాది తర్వాత.

బాబాయి: ఇక ఒకటి అడుగుతాను, నొచ్చుకోకు. నిన్ను చదివించింది ఇక్కడి ప్రభుత్వ కాలేజీ. మీ తరం తెలుగు పిల్లలు ఎంతమంది ప్రజల డబ్బుతో చదువుకుని డబ్లిన్, డాలస్, మెల్‌బోర్న్ చేరారు! ఆ కాలేజీకి ఎవరు కట్టారు? 1970ల్లో జగదీశ్ భగవతి అనే ఆర్థికవేత్త, వలసపోయిన చదువుకున్నవాళ్ల ఆదాయం మీద పన్ను వేసి వాళ్ల దేశాలకు ఇవ్వాలన్నాడు. ఎవరూ అమలు చేయలేదు. నీ మీద వేయని పన్ను ఆ కుర్రాడి లీగు మీద ఎందుకు?

అమ్మాయి: భగవతి ఆలోచనలో బాకీ ఉందని గుర్తించడం సరైనది. బాకీదారుగా వలసపోయినవాణ్ని ఎంచుకోవడం నాకు నచ్చలేదు. నేను వచ్చేటప్పుడు నాకు ఖర్చు పెట్టి నేర్పే పని లేకుండా లాభపడింది నన్ను తీసుకున్న సంస్థ. అది నా కాలేజీకి ఒక్క పైసా పంపలేదు. నన్ను అడిగి ఉంటే అదీ పంపాలనే చెప్పేదాన్ని. నా విషయంలో జరగని న్యాయం ఇంకొకరి విషయంలోనూ జరగకూడదని నేనెందుకు అనాలి? పైగా అక్కడ లక్షల మంది, వేల సంస్థలు. ఎవరు ఎవరికి కట్టాలో తేల్చడం కష్టం. ఇక్కడ ఒకవైపు ఒక లీగు, అందులో 18 క్లబ్బులు. ఇంకోవైపు జీఏఏ, దాని తోబుట్టువు మహిళల సంఘం. 1984 నుంచి వీళ్లు కలిసి రెండు ఆటల నియమాలు కలిపి అంతర్జాతీయ సిరీస్‌లే నడిపారు. ఒక బల్ల దగ్గర కూర్చోవడం వాళ్లకు కొత్త కాదు. చేయగలిగినచోట చేయకపోవడానికి సాకు లేదు.

బాబాయి: నేను పూర్తిగా నీ వైపు రాలేదమ్మా. క్లబ్బు పేరు మీద డబ్బు రావడం నాకిప్పటికీ ఇష్టం లేదు, కౌంటీ పిల్లలకే అంతా పోవాలంటాను. కానీ తీసుకునేవాడు ఊరికే తీసుకోవచ్చనే మాటను ఇక సమర్థించను. నాకు కావాల్సిందల్లా ఆ ఒప్పందంలో మొదటి వాక్యం. ఏ కారణం చేతా ఆటగాడి ప్రయాణం ఆగకూడదు, అతని దగ్గర పైసా తీసుకోకూడదు. ఆ వాక్యం లేని ఒప్పందం ఎంత డబ్బు తెచ్చినా దాన్ని చించేయమనే చెబుతాను.

అమ్మాయి: మొదటి వాక్యం మీరన్నదే ఉండాలి. రెండోది, తిరిగొచ్చిన పిల్లవాడి చదువు, వైద్యం లీగుదే. మూడోది నాది. పెంచిన ఖర్చు, కాలేకపోయిన పిల్లల ఖర్చుతో సహా, తీసుకున్న లీగు కట్టాలి, అడిగించుకోకుండా కట్టాలి. క్లబ్బుకా కౌంటీకా అన్నది జీఏఏ సభ్యులు తమ మహాసభలో (కాంగ్రెస్‌లో) ఓటేసి తేల్చుకోవచ్చు. అక్కడ నేను నా క్లబ్బు తరఫున నిలబడి వాదిస్తాను. మీ వాదన కూడా ఆ సభలో వినబడాలి. ఈ మూడు వాక్యాలు రాయకుండా ఏటా ఇంకో పిల్లవాణ్ని విమానం ఎక్కించడం మాత్రం, ఆ పిల్లవాడికీ న్యాయం కాదు, వాణ్ని ఆడించినవాళ్లకూ న్యాయం కాదు.